సుడిగాలికి ముందు... 13 నిమిషాలు!

తుపాను వస్తుందంటే మూటాముల్లె సర్దుకునే వ్యవధి ఉంటుంది. టోర్నడో అంత గడువివ్వదు. 2011లో అమెరికా దక్షిణాది రాష్ట్రాలు ప్రాణాలు చెల్లించి నేర్చుకున్న ఆ పాఠం, అక్కడ స్థిరపడిన మనవాళ్లకూ అవసరమే.

2011 ఏప్రిల్ 27, బుధవారం. అలబామా రాష్ట్రంలో తెల్లవారుజామునే ఓ విడత గాలివాన విరుచుకుపడింది. చెట్లు కూలాయి, కరెంటు పోయింది, వాతావరణ హెచ్చరికలు వినిపించే రేడియో ట్రాన్స్‌మిటర్లు కొన్ని మూగబోయాయి. తర్వాత ఎండ కాసింది. గండం గడిచిందనుకున్నవాళ్లు ఎందరో. వాతావరణ నిపుణులను మాత్రం ఆ ఎండే భయపెట్టింది. నేల వేడెక్కేకొద్దీ సాయంత్రపు మేఘాలకు బలం పెరుగుతుంది మరి!

అదే జరిగింది. హ్యాకిల్‌బర్గ్, ఫిల్ క్యాంప్‌బెల్ అనే చిన్న ఊళ్లను నేలమట్టం చేసిన టోర్నడో 200 కిలోమీటర్లకు పైగా సాగి 72 మందిని బలితీసుకుంది. దాని గాలివేగం గంటకు 338 కిలోమీటర్లు. సాయంత్రం ఐదు దాటాక మరొకటి టస్కలూసా నగరంలోంచి బర్మింగ్‌హామ్ వైపు దూసుకెళ్లింది. జనం దాన్ని టీవీలో ప్రత్యక్షంగా చూశారు. అరవై మందికి పైగా చనిపోయారు. ఫిల్ క్యాంప్‌బెల్ నుంచి ఎగిరిన ఒక ఫొటో 350 కిలోమీటర్ల అవతల, టెనెసీ రాష్ట్రంలో దొరికింది. ఏప్రిల్ 25 నుంచి 28 వరకు ఆ నాలుగు రోజుల్లో పుట్టిన టోర్నడోలు 360. వాటికి బలైనవాళ్లు 320 మందికి పైనే.

ముందే చెప్పినా...

ముప్పు ఉందని కొన్ని రోజుల ముందునుంచే చెబుతూ వచ్చారు. అయినా ఇన్ని ప్రాణాలు ఎందుకు పోయాయి?

నేల దగ్గర మెక్సికో సింధుశాఖ నుంచి వచ్చే వేడి, తేమ గాలి. పైన చల్లని, వేగమైన గాలి. ఎత్తు పెరిగేకొద్దీ గాలి దిశా వేగమూ మారిపోతుంటే ఉరుముల మేఘం మొత్తం గిరగిరా తిరగడం మొదలవుతుంది. ఇలాంటి పరిస్థితి ఎప్పుడొస్తుందో రోజుల ముందే అంచనా వేయగలరు. ఏ వీధి మీద పడుతుందో చెప్పాలంటే మాత్రం రాడార్‌లో సుడి కనిపించాలి. 2011 నాటికి అలా మిగిలే వ్యవధి సగటున 13 నిమిషాలు. 2014లో హుద్‌హుద్ తుపాను విశాఖను తాకేలోపు ప్రభుత్వానికి దొరికింది రోజుల వ్యవధి. తేడా అక్కడే ఉంది.

పైగా ఇచ్చిన హెచ్చరికల్లో మూడింట రెండొంతులు వృథాగానే పోతాయి. పదిసార్లు సైరన్ మోగి ఏమీ కాకపోతే, పదకొండోసారి లేచి వెళ్లేదెవరు? ఇక విన్నా దాక్కోవడానికి చోటు లేనివాళ్ల సంగతి వేరు. మొబైల్ హోమ్‌లలో, అంటే ఒకచోటి నుంచి మరోచోటికి తరలించగలిగే తేలికపాటి ఇళ్లలో, ఉండే అమెరికన్లు కొద్దిమందే. టోర్నడోల వల్ల ఇళ్లలో చనిపోయేవారిలో మాత్రం సుమారు సగం మంది వాళ్లే.

భయం ఎంతవరకు?

ఆకాశం నల్లబడితే చాలు, ఆ విలయం చూసినవాళ్ల గుండె ఝల్లుమంటుంది. భూతాపం వార్తలు దానికి తోడు. అయితే వడగాలుల గురించి చెప్పినంత గట్టిగా టోర్నడోల గురించి శాస్త్రం చెప్పడం లేదు. ఏడాదికి వచ్చే సంఖ్య స్పష్టంగా పెరగలేదు కానీ ఒకేరోజు గుంపుగా పుట్టడం ఎక్కువైంది. టెక్సస్, ఓక్లహోమా మైదానాల కంటే ఆగ్నేయ రాష్ట్రాల వైపు ముప్పు పెరుగుతోంది. అక్కడ అడవులు, గుట్టల మధ్య సుడి కంటికి కనపడదు. రాత్రిపూట వచ్చేవీ ఎక్కువే.

డాలస్‌లో మనవాళ్లు

తెలుగువాళ్లు వేలల్లో ఉన్న డాలస్ ప్రాంతంలో ఇళ్లకు దాక్కోవడానికి అనువైన బేస్‌మెంట్లు అరుదు. కారణం, అక్కడి నేల మన నల్లరేగడిలాగే తడిస్తే ఉబ్బి, ఎండితే బీటలువారుతుంది. 2015 డిసెంబరు 26 రాత్రి గార్లండ్, రౌలెట్‌ల మీద పడిన టోర్నడోకి పదిమంది బలయ్యారు. వాళ్లలో ఎక్కువమంది కార్లలో ఉన్నవారే. 2019 అక్టోబరు 20 రాత్రి ఉత్తర డాలస్‌ను చీల్చుకుంటూ పోయినదానికి ఒక్క ప్రాణమూ పోలేదు.

ఇవి గుర్తుంచుకోండి

* ‘టోర్నడో వాచ్’ అంటే సిద్ధంగా ఉండాలి. ‘వార్నింగ్’ అంటే ఆ క్షణమే కదలాలి.
* కింది అంతస్తులో, ఇంటి నడుమ, కిటికీలు లేని బాత్రూమో క్లోజెట్టో ఎంచుకోండి.
* సైరన్లు ఆరుబయట ఉన్నవారికోసం. ఇంట్లో ఫోన్ అలర్ట్‌లు, బ్యాటరీతో నడిచే వెదర్ రేడియో ఉండాలి.
* తలకు హెల్మెట్, కాళ్లకు బూట్లు వేసుకోండి. ఎక్కువగా గాయాలు చేసేది ఎగిరొచ్చే శిథిలాలే.
* కారులో పారిపోవాలని చూడొద్దు. ఫ్లైఓవర్ కిందా ఆగొద్దు.
* మొబైల్ హోమ్ అయితే వాచ్ వచ్చినప్పుడే గట్టి భవనంలోకి మారండి.

రాడార్లు ఎంత మెరుగుపడినా చివరి నిమిషాల్లో నిర్ణయం ఇంట్లోవాళ్లదే. ఎక్కడ దాక్కోవాలో పిల్లలతో సహా అందరికీ తెలిసిన ఇంట్లో భయం సగం తగ్గుతుంది. సెలవులకు అమ్మానాన్నలను అమెరికా పిలిపించుకునే వాళ్లకు ఒక మాట. ఇల్లంతా తిప్పి చూపించేటప్పుడు ఆ చోటు కూడా చూపించండి. ఫోన్ మోగితే ఏం చేయాలో తెలుగులోనే చెప్పండి.