వెబ్‌సైటు ధ్రువపత్రం – సెర్చ్‌లో దాని విలువ

జంషెడ్‌పూర్‌ను మీరు ఉక్కు నగరంగా పాఠాల్లో చదివే ఉంటారు. టాటా కర్మాగారంలో పనికోసం వెళ్లిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా అక్కడ స్థిరపడ్డాయి. అలాంటి ఇంటి అమ్మాయి ఒకరు కాలేజీ ఫీజు కట్టడానికి బ్యాంకు వెబ్‌సైటు కోసం సెర్చ్ ఇంజన్‌లో వెతుకుతోందనుకుందాం. జాబితాలో పైన ఏది ఉంటే వేలు దాని మీదికే పోతుంది. అదే జార్ఖండ్‌లో జామ్‌తాడా అనే జిల్లా ఉంది. బ్యాంకు వాళ్లమని నమ్మించి డబ్బు కాజేసిన ముఠాల వల్ల ఆ పేరు దేశమంతటికీ తెలిసింది. కాబట్టి "పైన ఉంది, భద్రమైన సైటు అని కూడా ఉంది, ఇక నిజమైనదే" అనుకోవచ్చా అన్నది చిన్న ప్రశ్న కాదు.

ముందుగా ధ్రువపత్రం అంటే ఏమిటో చూద్దాం. మీ మార్కుల జాబితా నకలు మీద గెజిటెడ్ అధికారి సంతకం పెడతారు కదా. ఆ సంతకం నకలు అసలుతో సరిపోయిందని చెబుతుంది. మీరు మంచివారా, చెడ్డవారా అన్నది దానికి సంబంధం లేదు. వెబ్‌సైటు ధ్రువపత్రం కూడా అంతే. ఈ పేరుగల సైటుకు ఈ 'తాళంచెవి' చెందుతుందని ఒక ధ్రువీకరణ సంస్థ చేసే సంతకం అది. మీ బ్రౌజర్ ఆ సంతకాన్ని, సైటు పేరును, గడువు తేదీని సరిచూస్తుంది. తర్వాత రెండు కంప్యూటర్లూ కలిసి ఒక రహస్య సంకేతాన్ని నిర్ణయించుకుంటాయి. ఇక మీరు పంపే సమాచారాన్ని దారిలో ఎవరూ చదవలేరు, మార్చలేరు. చిరునామా మొదట 'హెచ్.టి.టి.పి.' చివర 'ఎస్' చేరడానికి అర్థం ఇదే.

సంతకం చేసే కార్యాలయంలోనే లోపం జరిగితే? మన దేశంలోనే జరిగింది. జాతీయ ఇన్ఫర్మాటిక్స్ కేంద్రం ధ్రువీకరణ విభాగం నుంచి గూగుల్ సైట్ల పేరిట అనధికార ధ్రువపత్రాలు వెలువడినట్లు 2014 జులై 2న గూగుల్ గుర్తించింది. మరునాడే ఆ విభాగానికి ఇచ్చిన అధికారాన్ని ప్రభుత్వ నియంత్రణాధికారి రద్దు చేశారు.

ఆ తర్వాతి నెలలోనే, 2014 ఆగస్టు 6న, 'ఎస్' ఉన్న సైట్లకు వరుసలో కొంత మొగ్గు ఇస్తామని గూగుల్ ప్రకటించింది. ఆ మొగ్గు చాలా తేలికైనదనీ, దాని ప్రభావం 1 శాతంకన్నా తక్కువ ప్రశ్నలపైనే ఉంటుందనీ అప్పుడే చెప్పింది. పేజీలోని విషయం మీ ప్రశ్నకు ఎంతవరకు జవాబు చెబుతుందన్నదే ప్రధానం. ధ్రువపత్రం ఖరీదైనదైనా, ఉచితంగా వచ్చినదైనా వరుసలో తేడా ఉండదు. ఇది తెలియక వేలు ఖర్చుపెట్టే చిన్న వ్యాపారులను చూస్తే జాలి వేస్తుంది.

పరోక్ష ప్రభావం మాత్రం పెద్దదే. 2018 జులై నుంచి క్రోమ్ బ్రౌజర్, 'ఎస్' లేని ప్రతి సైటు దగ్గరా 'సురక్షితం కాదు' అని చూపడం మొదలుపెట్టింది. అది చూసి పాఠకుడు వెనుదిరుగుతాడు. గడువు తీరిన ధ్రువపత్రమైతే ఏకంగా హెచ్చరిక తెర అడ్డం వస్తుంది. ఇంకొక సంగతి. పాత చిరునామా, 'ఎస్' ఉన్న కొత్త చిరునామా సెర్చ్ ఇంజన్ లెక్కలో రెండు వేర్వేరు ఇళ్లు. పాత ఇంటి నుంచి కొత్త ఇంటికి శాశ్వతంగా దారి మళ్లించాలి. 301 అనే సంకేతం చేసే పని అది. దీన్ని మరిచిపోతే ఎన్నేళ్లుగానో సంపాదించుకున్న స్థానం కూడా జారిపోవచ్చు.

ఇప్పుడు మన అమ్మాయి దగ్గరికి వద్దాం. 2015 డిసెంబరు నుంచి 'లెట్స్ ఎన్‌క్రిప్ట్' అనే సంస్థ అడిగిన వారందరికీ ధ్రువపత్రాలను ఉచితంగా ఇస్తోంది. ఇది మంచి పనే. అయితే సొంత డొమైన్ పేరు కొనుక్కున్న మోసగాడికీ అది దొరుకుతుంది. అతని సైటు, అమ్మాయి పాస్‌వర్డును దారిలో ఎవరికీ చిక్కకుండా భద్రంగా అతనికే చేరవేస్తుంది! గూగుల్ 2021లో జరిపిన అధ్యయనంలో తాళం గుర్తుకు సరైన అర్థం చెప్పినవారు 11 శాతమే. అందుకే 2023 సెప్టెంబరులో క్రోమ్ ఆ గుర్తును తీసివేసి వేరే గుర్తు పెట్టింది. జాబితాలో అన్నిటికన్నా పైన 'స్పాన్సర్డ్' అని కనిపించేవి డబ్బిచ్చి పెట్టించుకున్న ప్రకటనలని కూడా గమనించండి.

మరి ఏది చూడాలి? సైటు పేరును చివరి నుంచి చదవండి. పేరు మొదట్లో బ్యాంకు పేరు ఎవరైనా తగిలించవచ్చు. చివరి భాగం అలా కాదు. 'డాట్ ఏసీ డాట్ ఇన్' విద్యాసంస్థలకే ఇస్తారు. 'డాట్ గవ్ డాట్ ఇన్' ప్రభుత్వానిది. మన బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31లోగా 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' అనే పేరుకు మారాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆ పేర్లను నమోదు చేసే బాధ్యత హైదరాబాద్‌లోని ఐ.డి.ఆర్.బి.టి. అనే సంస్థకు అప్పగించారు. మోసగాడు అక్కడికి దరఖాస్తు పంపినా, బ్యాంకు కానివాడికి ఆ పేరు ఇవ్వరు.