ఇరవై ఏళ్ళుగా ఒకటే లినక్స్!

"నాన్నా, ఈ డబ్బా ఇంక పారేద్దామా?"

2025 ఆగస్టులో ఒక శుక్రవారం మావాడు అడిగిన ప్రశ్న ఇది. బయట సీబ్ ఎండ మండిపోతోంది, లోపల ఏసీ హోరు. వాడు చూపించింది హాల్లో మూలనున్న మా పాత కంప్యూటర్‌ని!

దాని కథ 2005లో మొదలైంది. అప్పటికి మన ఎయిర్‌పోర్టు పేరు ఇంకా 'సీబ్ ఎయిర్‌పోర్టే'. వైరస్‌ల బాధ పడలేక ఒక మిత్రుడిచ్చిన సీడీలతో డెబియన్ 3.1 వేసుకున్నాను. అప్పటినుంచి అల్ ఖూద్, మవాలెహ్, మబేలా... ఇళ్ళు మారాం. హార్డ్ డిస్కు రెండుసార్లు మార్చాను. డెబియన్ మాత్రం మార్చలేదు. "ఈయన టూత్‌పేస్టయినా మారుస్తారుగానీ డెబియన్ మార్చరు" అని మా ఆవిడ ఎగతాళి!

ఏమిటీ డెబియన్? 1993 ఆగస్టు 16న ఇయాన్ మర్డాక్ అనే అమెరికా విద్యార్థి ప్రకటించిన లినక్స్ ఇది. స్నేహితురాలు డెబ్రా పేరుకు తన పేరు కలిపి 'డెబియన్' అన్నాడు. దీనికి యజమాని కంపెనీ లేదు. ప్రపంచమంతటా ఉన్న వాలంటీర్లే దీన్ని తయారుచేస్తారు. ఎప్పటికీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గానే ఉంచుతామని 1997లో రాతపూర్వకంగా మాటిచ్చారు. ఉబుంటు పుట్టింది కూడా దీన్నుంచే.

పిల్లలూ, మీకో సరదా సంగతి! డెబియన్ వెర్షన్లకి 'టాయ్ స్టోరీ' బొమ్మల పేర్లు పెడతారు. వుడీ, జెస్సీ, బుల్స్‌ఐ... అన్నీ ఉన్నాయి. ఇంకా తయారీలో ఉండి, ఎప్పుడేం విరుగుతుందో తెలియని దానికి మాత్రం బొమ్మలు విరగ్గొట్టే సిడ్ పేరు!

సుమారు రెండేళ్ళకోసారి కొత్త వెర్షన్ వస్తుంది. పాతది చెరపకుండా దానిమీదే అప్‌గ్రేడ్ చేసుకోవచ్చు. 'సార్జ్' నుంచి 'బుక్‌వార్మ్' దాకా తొమ్మిది మెట్లు అలాగే ఎక్కాను. 2009లో మా అమ్మాయి నాయనమ్మకి తెలుగులో టైపు చేసిన మొదటి ఉత్తరం అందులో భద్రంగా ఉంది. అమ్మ ఇప్పుడు లేదు.

పదో మెట్టు దగ్గర మాత్రం చుక్కెదురయింది. 2025 ఆగస్టు 9న వచ్చిన డెబియన్ 13 'ట్రిక్సీ'ని పాత 32 బిట్ కంప్యూటర్లలో ఇన్‌స్టాల్ చేసే వీలు తీసేశారు. మాది సరిగ్గా అదే! నమ్ముకున్నవాళ్ళే వదిలేశారేమిటని రెండు రోజులు మనసు బాగోలేదు. తర్వాత ఆలోచిస్తే, జీతం లేని మనుషులు ఇన్నేళ్ళు దాన్ని మోయడమే గొప్పనిపించింది.

ఒక సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కొని ట్రిక్సీ వేశాను. ఫైళ్ళన్నీ దాంట్లోకి మార్చాను. మావాడు వెతికి వెతికి అక్క ఉత్తరం తెరిచాడు. ఒక్క అక్షరం చెదరలేదు! "అయితే మనకి కావలసింది డబ్బా కాదన్నమాట" అన్నాడు. నేను ఇరవై ఏళ్ళుగా చెప్పలేకపోయిన మాట!

విండోస్ 10 మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14న ముగిసింది. మీ అటకమీద 64 బిట్ ల్యాప్‌టాప్ ఉంటే పారేసేముందు ఒక్కసారి ఆగండి. ముఖ్యమైన ఫైళ్ళు కాపీ చేసుకుని, 'డెబియన్ లైవ్'ని పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడండి. ఇన్‌స్టాల్ చేయకుండానే నచ్చిందో లేదో తెలుస్తుంది. పిల్లలకి టక్స్ పెయింట్, జీకాంప్రీ కూడా ఉచితమే. ఏమంటారు?