నూనె యెక్కనిదే ఇంజను నడపరాదు

తొలకరి పడి పొలము అదునునకు వచ్చిననాడే ట్రాక్టరు మరమ్మతు పూర్తియైనచో రైతునకు తొందర సహజము. ఆయిలు పంపు మార్చినారు, క్రొత్త ఫిల్టరు బిగించినారు, అడుగు తొట్టిలో నూనె నిండుగా పోసినారు. ఇక తాళపుచెవి త్రిప్పుటయే తరువాయి యని తోచును. కాని ఇంజనునకు మిక్కిలి అపాయకరమైన క్షణము ఇదియే యని సభ్యులకు మనవి చేయుచున్నాము.

తొట్టిలో నూనె యుండుట వేఱు, బేరింగులకు నూనె యందుట వేఱు. మరమ్మతునకై విప్పినపుడు పంపును, ఫిల్టరును, నూనె పారు సన్నని దారులును వట్టిపోవును. నీరు నింపక నడపిన బావి పంపు గాలిని త్రిప్పుచుండునే గాని నీరెత్తదని రైతులందఱు నెఱుగుదురు. ఇంజనులోనిది పండ్లచక్రముల పంపు. రకము వేఱైనను, చక్రముల సందులను నూనె మూసినగాని దీనికిని పీల్పు సరిగా కలుగదు.

1883వ సంవత్సరమున ఇంగ్లండునందు బోషాంప్ టవర్ అను ఇంజనీరు ఇరుసు బేరింగులను పరీక్షించుచు, ఒక బేరింగు పైభాగమున రంధ్రము చేసెను. ఇరుసు తిరుగగా నూనె పైకి ఉబికెను. కొయ్య బిరడా బిగించినను దానిని బయటికి నెట్టివేసెను. తిరుగు ఇరుసు నూనెపొరపై తేలుచున్నదని దీనివలన తెలిసెను. 1886లో ఆస్బరన్ రెనాల్డ్సు అను శాస్త్రజ్ఞుడు గణితముచే దీనికి కారణము చూపెను. మన ట్రాక్టరులోని క్రాంకుషాఫ్టును అట్లే తేలుచు తిరుగును. ఆ పొర లేనిచో లోహము లోహమును ఒఱసి, బేరింగుల మెత్తని పూత చెడి, షాఫ్టుపై గీతలు పడును. ఇందుకు ఎక్కువ కాలము పట్టదు.

కావున మరమ్మతు చేయునపుడే కొన్ని పనులు జరుగవలెను. పాత నూనెలో లోహపు పొడి కనబడినచో దారులన్నింటిని శుభ్రపఱుపక ఇంజను మూయరాదు. పంపు చక్రములను శుభ్రమైన ఇంజను నూనెతో తడిపి బిగింపవలెను. పీల్చు గొట్టము అతుకున గాలి చొరబడకుండ చూడవలెను. ఫిల్టరు నిలువుగా అమరునదైనచో నూనె నింపి బిగించుట మేలు. ఇంజను తయారుచేసినవారి పుస్తకమున చెప్పిన రకపు నూనెనే, బండిని సమతలమున నిలిపి, కొలతపుల్ల మీది పైగీత వఱకు పోయవలెను.

తరువాత, మంట అందకుండ ఇంజనును త్రిప్పవలెను. గేరు తప్పించి, డీజిలు ఆపు మీటను లాగి పట్టి, సెల్ఫును పది సెకండ్లు మాత్రము త్రిప్పి, ఒక నిమిషము ఆగవలెను. ఎడతెగక త్రిప్పినచో సెల్ఫు మోటారు వేడెక్కును. ఇట్లు కొన్ని మాఱులు చేయగా ఒత్తిడి చూపు ముల్లు లేచును. ముల్లు లేని బండ్లలో నూనె దీపము ఆఱును. చేతితో త్రిప్పు ఒంటి సిలిండరు ఇంజనులలో డీకంప్రెషను మీట నెత్తి త్రిప్పవలెను. ముల్లు కదలనిచో ఇంజను నడిపి చూతమనుట తగదు. పంపును, పీల్చు గొట్టమును మరల పరీక్షింపవలెను.

ముల్లు లేచిన పిమ్మట ఇంజనును నడిపి, నెమ్మదిగానే తిరుగనీయవలెను, రేసు పెంచరాదు. కొన్ని సెకండ్లలో ఒత్తిడి కనబడనిచో వెంటనే ఆపవలెను. కనబడినచో రెండు మూడు నిమిషములు నడపి, అతుకులవద్ద నూనె కారుచున్నదేమో చూచి ఆపవలెను. అయిదు నిమిషముల పిమ్మట పుల్లతో కొలిచిన మట్టము తగ్గియుండవచ్చును. ఫిల్టరును దారులును త్రాగిన నూనె యది. ఆ లోటును పైగీత వఱకు మాత్రమే పూరింపవలెను. తీసిన పాత నూనెను కాలువలోనికిగాని బావి ప్రక్కకుగాని పోయక డబ్బాలో భద్రపఱచి, పాత నూనె సేకరించువారికి అప్పగింపవలెను.

సంఘపు ట్రాక్టరు ఒకరిది కాదు, అందఱిది. నడపువానిని తొందరపెట్టు సభ్యుడు తన యదునునే గాక పొరుగువాని యదునునుగూడ చెఱచినవాడగును. ఒక గంట ఆలస్యమైన దుక్కి మఱునాడు పూర్తియగును. బేరింగులు చెడినచో బండి మరల షెడ్డునకు పోవును. పదును మనకొఱకు నిలువదు.