బడి బకెట్‌లో అన్నం, మా ఆవు కడుపు

పుత్తూరు అంటే చాలామందికి ఎముకల కట్టే గుర్తొస్తుంది. ఈ వీడియో కట్టు గురించి కాదు, బడిలో మిగిలిపోయే మధ్యాహ్న భోజనం గురించి. నా తప్పుతో మొదలైన కథ, కాబట్టి దాచకుండా చెప్తాను.

మా పొలానికి దగ్గర్లో ఒక ప్రాథమికోన్నత పాఠశాల ఉంది. ఒకటి నుంచి ఎనిమిది దాకా పిల్లకాయలు. పళ్ళాలు కడిగే చోట ఒక పెద్ద బకెట్ పెడతారు. తినగా మిగిలిన అన్నం, చారు, పక్కకు తోసేసిన కూర అన్నీ అందులోకే. ఒకరోజు వంట చేసే అక్క "అబ్బోడా, రోజూ దీన్ని కాలవలో పోస్తాండాము. నీకు ఆవులుండాయి కదా, తీస్కపోరాదా?" అనింది. నాకు ఇంకేం కావాలి? అన్నం పేడ అవుతుంది, పేడ జీవామృతం అవుతుంది అని సంబరంగా ఒప్పుకున్నా.

రెండు నెలలు బాగానే జరిగింది. ఒక పండగ ముందురోజు సగం మంది బడికి రాలేదు, బియ్యం మాత్రం పొద్దున్నే నానబెట్టేశారు. ఆ రోజు మూడు బకెట్లు మిగిలింది. నేను ఊళ్ళో లేను. పనికొచ్చే మనిషి మొత్తం తొట్టిలో కుమ్మరించాడు, ఒక ఆవు ముందుకొచ్చి అదొక్కటే మేసేసింది. సాయంత్రానికి ఎడమ డొక్క ఉబ్బింది. నెమరు ఆగిపోయింది. పళ్ళు కొరుకుతా నిలబడింది.

పశువుల డాక్టర్ వచ్చి చూడగానే "అన్నం పెట్టారా?" అని అడిగాడు. అసిడోసిస్. పిండిపదార్థం ఒక్కసారిగా ఎక్కువైతే పొట్టలో సూక్ష్మజీవులు దాన్ని వేగంగా పులియబెట్టి ఆమ్లం చేసేస్తాయి. గడ్డిని అరిగించే మంచి జీవులు ఆ ఆమ్లంలో చచ్చిపోతాయి. నేను డిప్లొమాలో చదివిన పాఠమే ఇది, పరీక్షలో రాశాను కూడా. వంటసోడా నీళ్ళు, సెలైన్లు, మూడు రోజులు నిద్ర లేదు. ఆవు బతికింది. కానీ అది చూలుతో ఉండింది, ఆ చూలు నిలవలేదు. నాలుగో రోజు పేడలో చిక్కీ కవర్ ముక్క ఒకటి కనపడింది.

పెళ్ళిళ్ళ సీజన్‌లో కల్యాణ మండపాల నుంచి అన్నం తెచ్చి పశువులకు పోసే అన్నలందరికీ చెప్తున్నా. అలవాటు లేని పశువుకు అసలు వద్దు. పెట్టాలంటే ముందు ఎండుగడ్డి బాగా మేయనిచ్చి తర్వాత గుప్పెళ్ళ లెక్కన పెట్టండి. బకెట్ల లెక్కన కాదు.

ప్లాస్టిక్ సంగతి ఇంకా మొండిది. అన్నం అరుగుతుంది, కవర్ అరగదు, పొట్టలోనే ముద్ద కడుతుంది. మన రాయలసీమలోనే పుట్టపర్తిలో ఉన్న కరుణ సొసైటీ వాళ్ళు వీధి ఆవులకు ఆపరేషన్లు చేసి పదుల కిలోల ప్లాస్టిక్ బయటికి తీశారు. దాని మీదే ‘ద ప్లాస్టిక్ కౌ’ అని ఒక డాక్యుమెంటరీ వచ్చింది, 2012లో విషయం సుప్రీంకోర్టు దాకా పోయింది.

ఆవు లేచి నిలబడినాక నేను బడికి పోయాను. గొడవ పెట్టుకోడానికి కాదు, తప్పు నాది. హెడ్మాస్టరు గారిని అడిగి ఏడు, ఎనిమిది తరగతుల పిల్లకాయలకు జరిగింది జరిగినట్టు చెప్పాను. అన్నం పారేయకండి, పాపం అని చెప్పలేదు. ఆ మాట వాళ్ళు ఇంట్లో రోజూ వింటానే ఉంటారు. ఆవు ఫొటో చూపించి, బకెట్ ముందర పెట్టి "ఇంత ఎందుకు మిగులుతోంది?" అని మాత్రం అడిగా.

ఎనిమిదో తరగతి పాప ఒకటి చెప్పింది: "అన్నా, ఒకటో క్లాసు వాళ్ళకీ మాకూ ఒకటే గరిటె." అంతే! నిబంధన ప్రకారం ఐదో తరగతి దాకా పిల్లకు 100 గ్రాముల బియ్యం, ఆరు నుంచి 150 గ్రాములు. లెక్క రికార్డులో ఉంది, గరిటెలో లేదు. చిన్నోళ్ళ పళ్ళెంలో మిగిలేది అందుకే. ఇంకొకడు లేచి, చివర్లో వచ్చేవాళ్ళకు కూర అయిపోతుంది, ఉత్త అన్నం ఎవరు తింటారని అడిగాడు. అదీ న్యాయమే. 2025 జూన్ నుంచి బడులకు సన్నబియ్యం ఇస్తున్నారు, అన్నం బాగుంటోందని పిల్లకాయలే అంటున్నారు. కూర చాలకపోతే సన్నబియ్యమైనా బకెట్‌లోకే.

తర్వాత వాళ్ళను మా మడి దగ్గరికి తీసుకొచ్చా. ఒక దుబ్బు కోసి, దులిపి, తూచాం. మామూలుగా దుబ్బుకు 15 నుంచి 20 గ్రాముల వడ్లు వస్తాయి. 100 గ్రాముల బియ్యానికి సుమారు 150 గ్రాముల వడ్లు కావాలి. అంటే చిన్న పిల్లోడి పళ్ళెం ఒకటి ఎనిమిది నుంచి పది దుబ్బులు. నారు పోసి, నాటి, నాలుగు నెలలు నీళ్ళు కట్టిన పది దుబ్బులు. ఇది విన్నాక కొందరు వంగి దుబ్బులు లెక్కపెట్టడం మొదలుపెట్టారు, నేను చెప్పకుండానే.

మార్పు పెద్దదేమీ కాదు. చిన్నోళ్ళకు చిన్న గరిటె తెచ్చారు. మొదట కొంచెమే వడ్డించి, ఎవరికి కావాలంటే వాళ్ళకు రెండోసారి. రెండోసారి అడగడానికి సిగ్గుపడే పిల్లలుంటారు, వాళ్ళ దగ్గరికి పెద్ద పిల్లలే గిన్నె పట్టుకుని పోతారు. ఇది ముఖ్యం సోదరులారా. వృథా తగ్గించే పేరుతో ఒక్క పిల్లోడి కడుపు మాడినా అది తగ్గింపు కాదు. ఈ పథకానికి ఇప్పుడు డొక్కా సీతమ్మ గారి పేరుంది, వచ్చిన మనిషికి లేదనకుండా అన్నం పెట్టిన తల్లి. బకెట్ పూర్తిగా ఖాళీ కాలేదు. నిండడం మాత్రం మానింది.

ఐక్యరాజ్యసమితి లెక్కలో 2022లో ప్రపంచమంతా కలిపి 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది, అందులో 60 శాతం ఇళ్ళలోనే. కాబట్టి బడిని ఒక్కదాన్నే అనడం కూడా తప్పే.

ఇక చిక్కీ కవర్లు. పెద్ద కవర్ అందరికీ కనపడుతుంది, ఏరొచ్చు. చింపినప్పుడు ఊడిపోయే మూల ముక్క ఉంది చూడండి, అదే దొంగ. ఎరువులో కలిసిపోయి మడిలోకి వస్తుంది. పిల్లకాయలు కనిపెట్టిన ఉపాయం: మూల పూర్తిగా తెగకుండా కత్తెరతో సగమే కోసి, చిక్కీ తీసుకుని, కవర్ డబ్బాలో వేయడం. తిరుమల కొండ మీద 2022 జూన్ 1 నుంచి ప్లాస్టిక్ నిషేధం పెట్టారు, భక్తులు అలవాటు పడ్డారు. ఊరి బడికి చిక్కీ స్టీలు డబ్బాలో విడిగా ఎందుకు రాకూడదో నాకు అర్థం కాదు. చెనక్కాయలూ మనవే, బెల్లమూ మనదే. నేను గానుగ నూనె, చిక్కీ అమ్ముకునేవాణ్ణి, స్వార్థం అనుకుంటే అనుకోండి.

మిగిలిన అన్నం ఇప్పుడు ఆవుకు పోదు, బడి వెనక గుంతలోకి పోతుంది. వీడియోలో చూశారు కదా. ఒక వంతు తడి మిగులుకు మూడు వంతులు ఎండాకు. మా పక్క మామిడాకుకు కరువు లేదు, అయితే అది తొందరగా కుళ్ళదు, కాళ్ళతో తొక్కి పొడి చేసి వేయాలి. ప్రతి పొర మీద పేడనీళ్ళు గానీ జీవామృతం గానీ చల్లి, పైన మళ్ళీ ఎండాకు కప్పాలి. అన్నం పైకి కనపడితే ఎలుకలు, ఈగలు వస్తాయి. పులిసిన వాసన వస్తే తడి ఎక్కువైందని గుర్తు, ఆకు వేసి తిరగెయ్యండి. ఉప్పు, నూనె ఉంటాయి కాబట్టి పచ్చిగా మొక్క మొదట్లో పోయొద్దు. గుడ్డు పెంకులు ఎండబెట్టి నలిపి వేస్తున్నాం. పెంకు దాదాపు అంతా సున్నమే, నిదానంగా మట్టిలో కలుస్తుంది.

వారానికోసారి తిరగేసే పని ఏడో తరగతిది. మొదటి గుంత నిండి యాభై రోజులైంది, ఎరువు నల్లగా దిగింది. వచ్చే శనివారం జల్లెడ పడతాం. అందులో ప్లాస్టిక్ ముక్కలు ఎన్ని దొరుకుతాయో లెక్కపెట్టే బాధ్యత ఆ గరిటె సంగతి చెప్పిన పాపది. ఎరువు బడి పెరట్లో వంగ, గోంగూర మడులకు వేస్తాం. ఆవు మళ్ళీ ఎదకొచ్చింది.