బొగ్గుబండి - ఛాయాచిత్రము

విజయవాడ–కాజీపేట మార్గమున ప్రయాణించువారికి డోర్నకల్ జంక్షన్ సుపరిచితమే. కాని అచ్చటినుండి తూర్పునకు చీలి, కారేపల్లి మీదుగా కొత్తగూడెమునకు, ఆపై మణుగూరునకు పోవు శాఖామార్గమును ఎరిగినవారు తక్కువ. కొత్తగూడెము స్టేషనుకు పేరు భద్రాచలం రోడ్; భద్రాచలమో గోదావరికి ఆవలి ఒడ్డున ఉన్నది!

ఈ మార్గమునకు ప్రాణము బొగ్గు. 1871లో డాక్టర్ కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. 1889లో త్రవ్వకము ఆరంభమయ్యెను. సమీపమందలి సింగరేణి గ్రామము పేరే 1920లో కంపెనీ పేరైనది.

బొగ్గుబండిని ఛాయాచిత్రము తీయుట సులభమని తోచును. కాని చిక్కంతయు నలుపులో ఉన్నది. కెమెరాలోని వెలుగు మీటరు ఎదుటి దృశ్యమును మధ్యస్థమైన బూడిదరంగుగా ఎంచి లెక్కకట్టును. చిత్రమంతయు బొగ్గే నిండినచో వెలుగు చాలలేదని భ్రమించి, అధికముగా లోనికి రానిచ్చును. అప్పుడు బొగ్గు బూడిదవలెను, ఆకాశము తెల్లకాగితమువలెను కనబడును. కనుక ఒక స్టాపు తగ్గించవలెను. ఉదయ సాయంకాలముల ఏటవాలు ఎండలో బొగ్గుపెళ్ళల మెరుపు చక్కగా తెలియును. కదలు బండిని నిలిపి చూపుటకు సెకనులో 500వ వంతు షట్టరు వేగము చాలును. వేగమును చూపదలచినచో 30వ వంతు ఉంచి, కెమెరాను బండితోపాటు త్రిప్పవలెను.

సాధారణముగా 58 వ్యాగన్లుండు బండి అరకిలోమీటరుకు మించి సాగును. మార్గము వంపు తిరుగు చోట, దూరముగా మెరకపై నిలిచిన అది యంతయు చిత్రమున ఇమడును. పట్టాలపైకి మాత్రము పోరాదు. నిండుబండి డ్రైవరు మనలను చూచి బ్రేకు వేసినను అది వెంటనే ఆగదు. పై తీగలలో 25,000 వోల్టుల విద్యుత్తుండును. అనుమతి లేక రైల్వే స్థలమున ప్రవేశించుట 1989 నాటి చట్టము ప్రకారము నేరము కూడ.

ఒకప్పుడు బొగ్గు ఇంజనులోనే మండి బండిని లాగెడిది. నేడు విద్యుత్కేంద్రమున మండి, తీగల వెంట తిరిగివచ్చి, ఆ బండినే లాగుచున్నది. బ్రాడ్‌గేజిపై నిత్యసేవ చేసిన ఆవిరి ఇంజనులు 1995తో సెలవు తీసుకొనెను. నాడు చిత్రము తీయనివారు ఇక తీయజాలరు. గనులును అక్షయములు కావు. కావున మిత్రులారా, తీసిన ప్రతి చిత్రమునకు స్థలము, తేది, సమయము వ్రాసి ఉంచుడు. ఆ మూడును లేని చిత్రము అందమైనది కావచ్చును. చరిత్రకు సాక్ష్యము కాజాలదు.