ఫోన్ బిల్లు మనదే, మరి మాటలు?

మొన్న గుడిలో ఒక అంకుల్ అడిగారు: "కాలేజీలో ఉన్న మావాడి ఫోన్లో, వాడికి తెలియకుండా మెసేజీలు చూసే యాప్ పెట్టిస్తావా బాబూ? బిల్లు కట్టేది నేనే."

పెట్టనన్నాను. అమెరికాలో 18 నిండినవారి కాల్స్‌నూ, వచ్చేపోయే మెసేజీలనూ అనుమతి లేకుండా రహస్యంగా పట్టుకోవడం ఫెడరల్ వైర్‌టాప్ చట్టం కింద నేరం. 5 ఏళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. బిల్లు కట్టినంత మాత్రాన, భార్యాభర్తలమైనంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదు. మైనర్ పిల్లల విషయంలో తల్లిదండ్రులకు వెసులుబాటు ఎక్కువ. అయినా వాళ్లకు చెప్పి పెట్టడమే మేలు.

బెంగగా ఉంటే లొకేషన్ షేర్ చేయమని అడగండి. ఇష్టమైతే చేస్తారు, వద్దనుకుంటే ఆపుకుంటారు. అంకుల్ అక్కడి నుంచే కొడుక్కి ఫోన్ చేశారు. అరగంట మాట్లాడుకున్నారు.