కుంగిన అంబాసిడరుకు కమాను వైద్యం

కొవ్వూరు: వెనక సీట్లో ముగ్గురు కూర్చుని, డిక్కీలో ఒక బియ్యం బస్తా వేస్తే చాలు, తోక నేలకు వంగుతుంది. స్పీడు బ్రేకరు వస్తే సైలెన్సరు కీచుమంటుంది. పాత అంబాసిడరు ఉన్న ఇంట ఎవరినడిగినా ముందుగా చెప్పే జబ్బు ఇదే. ఊళ్లో చెప్పే మందు కూడా ఒకటే: ఇంకో రెండు కమాను పట్టీలు వేయించడం. కొలత తప్పితే జబ్బు కంటే ఈ మందే ప్రమాదం.

1974లో గోదావరి మీద రోడ్డు-రైలు వంతెన వచ్చాక రాజమండ్రి ఆసుపత్రికైనా, పెళ్లి పిలుపులకైనా అద్దె కారంటే అంబాసిడరే. ఐదుగురి కారులో పదిమంది ఎక్కారు. కలకత్తా దగ్గరి ఉత్తరపారా కర్మాగారంలో 1950ల చివర మొదలైన ఈ కారు తయారీ 2014 మేలో ఆగిపోయింది. కాబట్టి ఇప్పుడు ఉన్న బండ్లలో పిన్న వయసుదానికీ పదేళ్లు దాటాయి. వాటి కింద ఉన్న ఉక్కు అలిసిపోయిందంటే ఆశ్చర్యం లేదు.

వెనక చక్రాల మీద బరువు మోసేవి కమాను కట్టలు. జట్కాబండి కింద ఉన్నవాటికి ఇవి దగ్గరి చుట్టాలే. పొడుగు పట్టీ పైన, పొట్టివి వరసగా కింద, నడుమ ఒక బోల్టు, ఇరుసుకు బిగించే యూ-బోల్టులు. ముందు చక్రాలకు మాత్రం కమాన్లు లేవు. పొడుగాటి ఉక్కు కడ్డీ మెలిపడి బరువు మోస్తుంది. దాన్నే టార్షన్ బారు అంటారు.

చాలామంది పొరపాటు షాకబ్జర్ల దగ్గర జరుగుతోంది. కారు కుంగిందని కొత్త షాకబ్జర్లు వేయించి, ఎత్తు పెరగలేదని మెకానిక్కుతో తగువు పడతారు. షాకబ్జరు బరువు మోయదు. కమాను ఎగిరినప్పుడు ఊగకుండా పట్టి ఆపడమే దాని పని. ఎత్తు కావాలంటే కమాన్లనే చూడాలి.

చూసే ముందు ఒక టేపు చాలు. చదును నేల మీద ఖాళీ కారు నిలిపి, చక్రం నడిమి నుంచి పైన మడ్‌గార్డు అంచు దాకా రెండు వైపులా కొలవాలి. ఒక వైపే తగ్గితే పట్టీ విరిగి ఉండవచ్చు. తరచు నడిమి బోల్టు రంధ్రం దగ్గరే విరుగుతుంది, కట్ట విప్పితేగాని కనబడదు. బుష్‌లు అరిగినా, షాకిల్ తుప్పుపట్టి బిగుసుకున్నా కారు వంకరగా నిలుస్తుంది. అలాంటప్పుడు పట్టీలు కలపడం కాలు విరిగినవాడికి చెప్పులు మార్చడమే!

రెండు వైపులా సమంగా కుంగితే పట్టీల వంపు పోయిందన్నమాట. సరైన పని, కట్ట మొత్తం విప్పి, తుప్పు గీకి, ఒక్కొక్క పట్టీకి పాత వంపు తిరిగి తేవడం. కొలిమిలో ఎర్రగా కాల్చి వంచి అలాగే చల్లారనిస్తే ఉక్కు మెత్తబడి కొద్ది నెలల్లోనే మళ్లీ కూర్చుంటుంది. కాల్చాక నూనెలో ముంచి, తిరిగి తగు వేడి మీద పదును తేవాలి. ఆ సరంజామా లేని చోట కొత్త కట్ట వేయించడమే మేలు. ఒక వైపు మార్చి రెండో వైపు వదలకూడదు.

ఇక అదనపు పట్టీ సంగతి. పట్టీ మందం కొంచెం పెరిగినా గట్టితనం చాలా పెరుగుతుంది. 6 మిల్లీమీటర్ల పట్టీ స్థానంలో 8 మిల్లీమీటర్లది వేస్తే ఆ ఒక్క పట్టీ గట్టితనం రెండింతలు దాటుతుంది. లారీ పట్టీ కోసి దూర్చితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. ఖాళీగా వెళ్లేటప్పుడు వెనక చక్రాలు గతుకు గతుకుకూ నేల విడిచి ఎగురుతాయి, బ్రేకు వేసినా పట్టు దొరకదు. పైగా అంబాసిడరుకు లారీలా విడిగా ఛాసిస్ లేదు. బాడీ రేకే ఛాసిస్. కమాను తగిలే చోట తుప్పు ఉంటే అక్కడే చీలుతుంది.

ఇంకొకటి చాలామందికి తట్టదు. కమాన్లు ఎత్తితే బాడీ లేస్తుంది గాని ఇరుసు లేవదు. ఇరుసు నడుమ ఉన్న డిఫరెన్షియల్ ఎత్తు టైర్లను బట్టే ఉంటుంది. సైలెన్సరు బతుకుతుంది, బురద దారిలో మధ్య గట్టు మాత్రం తగులుతూనే ఉంటుంది.

వెనక మరీ ఎత్తితే ముక్కు కిందికి దిగుతుంది. హెడ్‌లైట్ల వెలుగు చక్రాల ముందే పడుతుంది. స్టీరింగు తేలికై, వదిలేస్తే తిన్నగా నిలవదు. తాళ్లపూడి మీదుగా పోలవరం వెళ్లే ఏటిగట్టు మీద, రాత్రివేళ, కుటుంబమంతా కారులో ఉండగా ఈ రెండూ కలిస్తే ఏం జరుగుతుందో వేరే చెప్పనక్కర్లేదు. ముందు భాగాన్నీ టార్షన్ బారు వెనక కొన దగ్గర సరిచేసి కొద్దిగా లేపవచ్చు. కానీ ఆ కడ్డీలో ఎప్పుడూ మెలి ఉంటుంది, బరువు దించకుండా విప్పితే చేతులు పోతాయి. తెలిసిన మెకానిక్కుకే వదలాలి. ఆ తర్వాత చక్రాల అలైన్‌మెంటు, లైట్ల దిశ తప్పక చూపించాలి.

కారు ఎప్పుడో వచ్చిన ఎత్తుకు తిరిగి తేవడం మరమ్మతు. దాన్ని మించితే మార్పు. రిజిస్ట్రేషను పుస్తకంలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చరాదని మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను చెబుతోంది. పదిహేనేళ్లు నిండిన సొంత కారుకు రిజిస్ట్రేషను పొడిగించాలంటే తనిఖీకి నిలపాలి. జీపులా లేపిన అంబాసిడరు అక్కడ దాగదు.

పని అయ్యాక డబ్బు ఇచ్చే ముందు, వెనక బాడీని జాకీతో లేపి చక్రాలు వేలాడేలా చూడాలి. అప్పుడు ఇరుసుకు వచ్చే బ్రేకు రబ్బరు పైపు బిగుసుకుంటే పొడుగు పైపు వేయించాలి. పట్టీల మధ్య గ్రాఫైటు గ్రీజు రాయించాలి. యూ-బోల్టులు పాతవి వాడనివ్వకండి. కొత్త కట్ట సర్దుకుంటుంది కనుక నాలుగైదు వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి వాటిని బిగింపించాలి.